గీజర్: చుక్కలు కారే వాల్వును మూయవద్దు

చలికాలం ప్రవేశించిందంటే మన ఇళ్ళలో ఫజ్ర్ అజాన్‌కు ముందే గీజర్ మీట నొక్కుతారు. వుజూకు, గుస్ల్‌కు వేడినీరు సిద్ధంగా ఉండటం వృద్ధులకూ రోగులకూ ఎంతో ఊరట. అయితే స్నానాల గది గోడకు తగిలించిన ఆ పెట్టె లోపల ఏమి జరుగుతున్నదో ఎరిగినవారు మన కుటుంబాలలో బహు తక్కువ.

నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల తొట్టెలోని నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు చేరిస్తే అది దాదాపు 350 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ అదనపు నీటికి దారి కావాలి. వేడిని హద్దులో నిలిపేది థర్మోస్టాట్. అది చెడిపోతే విద్యుత్తును తెంచేది కటౌట్. ఆ రెండూ మొరాయించిన నాడు పీడనాన్ని బయటికి వదిలేది ప్రెషర్ వాల్వు. అదీ పనిచేయకపోతే నీరు 100 డిగ్రీలు దాటినా పీడనం వల్ల ఆవిరి కాకుండా తొట్టెలో బందీ అయి ఉంటుంది. తొట్టె ఎక్కడ చీలినా ఆ నీటిలో కొంత భాగం క్షణంలో ఆవిరిగా మారుతుంది. ఆవిరైన నీరు 1,600 రెట్లకు పైగా చోటు కోరుతుంది. పెట్టె బాంబులా పేలడానికి కారణం ఇదే.

మా మదరసా వసతి గృహంలో ఒక గీజర్ వాల్వు నుండి చుక్కలు కారుతుంటే పనివాణ్ణి పిలిపించాము. అతడు దానికి చెక్క బిరడా బిగించి, "హజ్రత్, ఇక ఒక్క చుక్క కూడా కారదు" అన్నాడు. ఆ బిరడాను అప్పుడే తీయించాము. నీరు కాగేటప్పుడు అక్కడ కొన్ని చుక్కలు రాలడం లోపం కాదు, అది వాల్వు చేయవలసిన పనే. ఎడతెగని ధార కడితే మాత్రం వాల్వు మార్చాలి. దానిని మూయడం ఏ స్థితిలోనూ తగదు.

బోరు నీటిలోని సున్నం హీటింగ్ కాయిల్‌పై పొరగా పేరుకుంటుంది. లోపల చిటపట శబ్దం వినిపించినా, నీరు తుప్పు రంగులో వచ్చినా, ఎంసీబీ పదేపదే పడిపోతున్నా మెకానిక్‌ను పిలవాలి.

2,000 వాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. దానికి 6 ఆంపియర్ల సాకెట్ చాలదు, 16 ఆంపియర్లది కావాలి. ఎర్తింగ్ తప్పనిసరి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే షాక్ తగిలిన వెంటనే కరెంటు తెగిపోతుంది. 25 లీటర్లు కాగడానికి అరగంట చాలు కనుక రాత్రంతా వదలనవసరం లేదు. స్నానానికి వెళ్ళే ముందే మీట ఆపివేయాలి. ఇక బకెట్‌లో రాడ్ వేసుకునే ఇళ్ళవారు ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీటిని తాకాలి. నీళ్ళు కాగాయా అని వేలు ముంచి చూసే అలవాటు ప్రాణాంతకం.

పిల్లల లేత చర్మం 60 డిగ్రీల నీటికి కొద్ది సెకన్లలోనే కాలిపోతుంది. థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల వద్ద ఉంచండి. బకెట్‌లో ముందు చన్నీళ్ళు, ఆపైన వేడినీళ్ళు పోయండి.

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టేది గ్యాస్ గీజర్. దాని మంట గదిలోని ప్రాణవాయువునే వాడుకుంటుంది. గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలయ్యాక తలుపు గడియ తీసే శక్తి కూడా మిగలకపోవచ్చు. పర్దా కోసమని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డుపెట్టిన ఇళ్ళను మేము చూశాము. ఎత్తున ఉన్న వెంటిలేటర్ వల్ల పర్దాకు ఏ భంగమూ లేదు. మూసివేస్తే మాత్రం లోపల స్నానం చేస్తున్న తల్లికీ బిడ్డకూ ఊపిరి ఆడదు. గ్యాస్ గీజర్‌ను స్నానాల గది బయట, గాలి ధారాళంగా ఆడేచోట బిగించాలి. దాని పొగ గొట్టం ఆరుబయటికి తెరుచుకోవాలి. లోపలివారు పిలిచినా పలకకపోతే సంకోచించక తలుపు పగులగొట్టి, వారిని ఆరుబయటికి తెచ్చి, గ్యాస్ కట్టివేసి, 108కి ఫోన్ చేయండి.