బావగారిని ఎవరూ అడగలేదు

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. వైద్యం గురించి రాయడానికి నాకు అర్హత లేదని ముందే ఒప్పుకుంటున్నాను. కాని మా ఇంట్లో జరిగిన పొరపాటు మరో ఇంట్లో జరగకూడదని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా అక్కయ్యను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఇచ్చాం. కొబ్బరి తోటలు, జీడి తోటలు, వాటి వెనక సముద్రం! చూస్తే కళ్ళు చల్లబడే చోటు. అంత పచ్చని నేలమీద మూత్రపిండాల జబ్బు ఇన్ని ఇళ్ళ తలుపులు ఎందుకు తడుతున్నదో, ఎన్ని పరిశోధనలు జరిగినా, ఇదీ కారణమని ఇంతవరకూ ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. మా బావగారికీ ఆ జబ్బు తప్పలేదు. మూడేళ్ళపాటు వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగేసి గంటలు ఆసుపత్రి మంచంమీద పడుకుని, రక్తాన్ని యంత్రంలో శుభ్రం చేయించుకుంటూ వచ్చారు.

పోయిన ఏడాది ఆయన గుండె బలహీనపడింది. యంత్రం నడుస్తూండగానే రక్తపోటు పడిపోయి కళ్ళు తేలవేసేవారు. కడుపు ద్వారా చేసే డయాలిసిస్‌కు మారితే మంచిదని డాక్టరుగారు సలహా ఇచ్చారు. మన పొట్టలో పేగులను కప్పుతూ పల్చని పొర ఒకటి ఉంటుంది. పొట్టకు చిన్న గొట్టం అమర్చి, సుమారు రెండు లీటర్ల చక్కెర ద్రావణాన్ని లోపలికి పంపితే, రక్తంలోని మలినాలూ, అదనపు నీరూ ఆ పొర గుండా అందులోకి చేరుతాయి. నాలుగైదు గంటల తరవాత దాన్ని బయటికి వదిలి కొత్తది నింపాలి. సాధారణంగా రోజుకు నాలుగు సార్లు ఇలా చెయ్యాలి. రోజంతా మెల్లగా సాగే పని గనుక గుండెమీద ఒత్తిడి తక్కువ. 1976లో అమెరికాలో పాపొవిచ్ అనే ఇంజనీరు, మాంక్రీఫ్ అనే వైద్యుడు కలిసి ఈ పద్ధతికి రూపమిచ్చారు. ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇంట్లోనే అన్న మాట వినగానే మేమంతా పొంగిపోయాం. ఖర్చెంత, సంచుల పెట్టెలు ఏ గదిలో పెట్టాలి, గొట్టం ఎన్నాళ్ళుంటుంది? డాక్టరుగారికి ఊపిరాడనివ్వలేదు. "వారికి ఇష్టమేనంటావా?" అని అక్కయ్య నసిగితే, "ఇంట్లో ఉండడం ఎవరికి ఇష్టముండదు?" అని కొట్టిపారేసింది నేనే. బావగారు గోడవైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ రాత్రి అరుగుమీద ఆయనే కదిపారు.

"ఏమోయ్ మేష్టారూ, కాలేజీలో కూడా ప్రశ్న నువ్వే వేసి, జవాబు నువ్వే చెప్పుకుంటావా?"

నాకు నోట మాట రాలేదు.

"మూడేళ్ళుగా నా పక్క మంచంమీద ఒక చేపలాయన, ఎదురుగా జీడిపప్పు బట్టీలో పనిచేసే అమ్మాయి. ఎవరి మంచం ఖాళీగా ఉంటే ఏమైందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. నా బాధ మీకు చెబితే ఏడుస్తారు. వాళ్ళకి చెబితే నవ్వుతారు. ఇకమీదట నేను ఎవరితో చెప్పుకోను? పైగా ఇన్నాళ్ళూ నర్సమ్మ చేతిలో ఉన్న నా ప్రాణాన్ని మీ అక్కయ్య చేతిలో పెడుతున్నారు. ఏదైనా తేడా వస్తే నా సంగతి సరే, అది బతికున్నన్నాళ్ళూ తననే తిట్టుకోదూ?"

అందరం ఆలోచించామనుకున్నాం. అడగవలసిన మనిషిని మాత్రం అడగలేదు!

మర్నాటినుంచి మళ్ళీ మొదలుపెట్టాం. ఇంట్లో ఈ డయాలిసిస్ చేసుకుంటున్న ఒక పెద్దమనిషి దగ్గరికి బావగారిని తీసుకువెళ్ళాం. మా ఉపన్యాసాలకు కరగని భయం ఆయన పక్కన గంటసేపు కూర్చుంటే సగం కరిగింది. అవసరమైతే మళ్ళీ యంత్రానికి మారవచ్చుననీ, అందుకే చేతిమీద ఆపరేషన్ చేసి సిద్ధం చేసిన నరాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలనీ డాక్టరుగారు ఆయనతోనే సూటిగా చెప్పారు. దాంతో మిగతా సగమూ తగ్గింది.

గొట్టం అమర్చాక గాయం మానడానికి సుమారు రెండు వారాలు ఆగారు. ఆలోగా అక్కయ్యతో పాటు బావగారూ, వాళ్ళబ్బాయీ కూడా పని నేర్చుకున్నారు. బరువు ఒక్కరిమీదే పడకూడదని అది బావగారు పెట్టిన షరతు. తలుపులు వెయ్యడం, ఫ్యాను ఆపడం, మూతికి గుడ్డ కట్టుకోవడం, సబ్బుతో చేతులు బాగా కడిగి పొడిగా తుడుచుకోవడం, ఎంత ద్రావణం లోపలికి వెళ్ళి ఎంత బయటికి వచ్చిందో పుస్తకంలో రాయడం వాళ్ళ దినచర్య అయింది. తిండి కూడా మారింది. ద్రావణంతోపాటు కొంత మాంసకృత్తు బయటికి పోతుంది కనుక, రోజూ గుడ్డులోని తెల్లసొన తినమన్నారు.

రెండో నెలలో ఒక ఉదయం సంచిలోకి వచ్చిన నీరు కలిగంజిలా మబ్బుగా కనిపించింది. కడుపులో నొప్పి కూడా వచ్చింది. పొట్టలో సూక్ష్మక్రిములు చేరిన గుర్తు అది. అలాంటప్పుడు ఆ సంచిని పారెయ్యకుండా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కయ్య అలాగే చేసింది. దారి పొడుగునా "నా చేతులే కాలిపోను" అని ఏడుస్తూనే ఉంది.

బావగారు నొప్పి పంటికింద నొక్కిపెట్టి, "ఊరుకో. నీరు మబ్బుగా ఉందని మొదట చూసింది నువ్వేగా?" అన్నారు.

మందులతో పదిహేను రోజుల్లో తేరుకున్నారు.

ఇప్పుడు నెలకోసారి పరీక్షలకు వెళ్ళినప్పుడు, ఆయన ముందుగా ఆ పాత వార్డులోకి వెళ్ళి పలకరించి వస్తారు. పోయిన నెల నేనూ వెంట వెళ్ళాను. చేపలాయన కూడా ఈ పద్ధతికి మారాలనుకుంటున్నాడట. చుట్టూ ఆయన కొడుకులు నిలబడి ఖర్చులు లెక్క వేస్తున్నారు.

బావగారు వాళ్ళను పక్కకు జరిపి, మంచంమీద కూర్చుని, "నీకేమనిపిస్తోందిరా?" అని అడిగారు.