పొద్దుగూకాక సౌర కరెంటు ఎలా?

మంగళగిరిలో మే నెల ఎండ సంగతి చెప్పాలా! ఫ్యాక్టరీ కప్పు మీద 100 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెడితే రోజుకు సుమారు 400 యూనిట్లు వస్తాయి. చిక్కల్లా, చాలావరకు మధ్యాహ్నం చుట్టూనే వస్తాయి. యంత్రాలేమో రాత్రి షిఫ్టులోనూ తిరగాలి.

అందుకే బ్యాటరీ. మిగులు కరెంటు ఎక్కిస్తే అందులోని లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ వదిలి రెండోదానిలోకి చేరతాయి. వాడేటప్పుడు అవి వెనక్కి మళ్లుతాయి, ఎలక్ట్రాన్లు బయటి తీగలో పరిగెడతాయి. ఆ డీసీ కరెంటును ఇన్వర్టర్ ఏసీగా మార్చి మోటార్లకిస్తుంది. ఎక్కించిందంతా తిరిగి రాదు. కొంత వేడిగా పోతుంది.

కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టుది మరో దారి: మిగులు కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడి, అవసరమైనప్పుడు టర్బైన్ల మీదుగా కిందికి వదలడం. మంగళగిరికీ కొండుంది గానీ, దాని మీద పానకాల స్వామి కొలువై ఉన్నాడు!