రోజూ సర్దుకునే పని పెట్టని లినక్స్

విండోస్ 10కి మామూలు మద్దతును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. అంతకంటే పాత ఐ3, ఐ5 ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో బోలెడున్నాయి. తెర బాగానే ఉంటుంది, కీబోర్డు బాగానే ఉంటుంది, పిల్లల చదువుకీ ఇంటి లెక్కలకీ ఇంకా ఢోకా ఉండదు. అలాంటి మిషన్‌ని పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పక, లినక్స్ వేద్దామా అని ఆలోచించేవాళ్లు చాలామంది. వాళ్లని వెనక్కి లాగేది ఒకటే భయం. వేశాక రోజూ దానితోనే కుస్తీ పట్టాలేమో, నల్లటి తెర మీద ఏవేవో కమాండ్లు కొట్టాలేమో అని.

ఆ భయం ఉత్తదేమీ కాదు. కొన్ని లినక్స్‌లతో నిజంగానే కుస్తీ తప్పదు. ఏది ఎంచుకోవాలో తెలిస్తే మాత్రం చాలావరకు తప్పించుకోవచ్చు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అనేది అసలు కెర్నెల్ ఒక్కటే, అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే లోపలి భాగం. దానికి డెస్క్‌టాప్, బ్రౌజర్, డ్రైవర్లు, అప్‌డేట్లు అందే ఏర్పాటు అన్నీ కలిపి, వాడుకోవడానికి సిద్ధంగా ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు, వాడుకలో డిస్ట్రో. ఏ వెర్షన్ ఉంచాలి, ఏ డ్రైవర్ ముందే పెట్టాలి, ఏది ఎప్పుడు మార్చాలి అన్నవి దాన్ని తయారుచేసేవాళ్లు నిర్ణయిస్తారు. అందుకే డిస్ట్రో ఎంచుకునేటప్పుడు తెర అందంగా ఉందా అన్నది పక్కన పెట్టి రెండు సంగతులు చూడమంటాను. ఎన్ని నిర్ణయాలు మన నెత్తిన వదిలేస్తున్నారు? తీసుకున్న నిర్ణయాలను ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారు?

ఆర్చ్ లినక్స్ సంగతి చూడండి. దానికి వెర్షన్లంటూ ఉండవు. ఏ ప్రోగ్రాంకి కొత్త రూపం వచ్చినా త్వరలోనే మన మిషన్‌లోకి వచ్చేస్తుంది. దీన్ని రోలింగ్ పద్ధతి అంటారు. కాపురం ఉంటున్న ఇంట్లోనే ఏడాది పొడవునా మేస్త్రీ పని చేస్తున్నట్టు ఉంటుంది. అప్‌డేట్ చేసే ముందు తమ వార్తల పేజీ చదవమని ఆర్చ్ వాళ్లే చెబుతారు. నేర్చుకోవాలనుకునేవాళ్లకి అది మంచి బడి. పొద్దున్నే ఆన్‌లైన్ క్లాసుకి కూర్చోవలసిన ల్యాప్‌టాప్‌కి మాత్రం వద్దు.

ఫెడోరా ఆరు నెలలకో వెర్షన్ ఇస్తుంది, ఒక్కోదానికి దాదాపు 13 నెలలే మద్దతు. అంటే ఏడాదికోసారైనా పై వెర్షన్‌కి వెళ్లక తప్పదు. పైగా పేటెంట్ల కారణంగా, వీడియోలు ఆడించడానికి కావలసిన కొన్ని కోడెక్‌లు అందులో రావు, విడిగా వేసుకోవాలి. ప్రోగ్రామర్లకి నచ్చుతుంది, ఇంట్లో వాడకానికి అంత తరచు మార్పు ఎందుకు?

ఉబుంటు 2004 నుంచీ ఉంది. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే దాని ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్‌కి ఐదేళ్లు మామూలు మద్దతు ఉంటుంది. ఆ ఐదేళ్లూ భద్రతకి సంబంధించిన దిద్దుబాట్లు వస్తుంటాయి గానీ, డెస్క్‌టాప్ ముఖం మారదు. డెబియన్ ఇంకా నిదానం. ఒకప్పుడు దాన్ని వేస్తే వైఫై చిప్‌కి కావలసిన ఫర్మ్‌వేర్ మనమే వెతికి తెచ్చుకోవాల్సి వచ్చేది. 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది.

మొదటిసారి వేసుకునే మామూలు కుటుంబానికి నేను చెప్పేది మాత్రం లినక్స్ మింట్. ఉబుంటు ఎల్‌టీఎస్ పునాది మీదే కడతారు కాబట్టి ఆ ఐదేళ్ల నిలకడ దీనికీ ఉంటుంది. 2024లో వచ్చిన మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు అందుతాయి. సినమన్ అనే దాని డెస్క్‌టాప్‌లో కింద పట్టీ, ఎడమ మూల మెనూ ఉంటాయి, విండోస్ 7 వాడిన చేతికి కొత్త అనిపించదు. వేసేటప్పుడే మల్టీమీడియా కోడెక్‌లు కావాలా అని అడుగుతుంది. అక్కడ టిక్ పెడితే పాటలకీ వీడియోలకీ ఇంకేం వెతుక్కోనక్కర్లేదు. ర్యామ్ 4 జీబీయే ఉంటే సినమన్ బదులు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వచ్చే వేగం ఏ డిస్ట్రో మార్చినా రాదు, చేతిలో డబ్బుంటే ముందు ఆ పని చేయించండి.

ఎంత మంచి డిస్ట్రో అయినా మన మిషన్‌లోని చిప్పులతో కుదరాలి. అది తేల్చుకునే దారి సులువు. మింట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి దాన్నుంచే బూట్ చేయొచ్చు. లోపలి డిస్క్‌ని ముట్టుకోకుండానే మొత్తం డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. పెన్‌డ్రైవ్ మీద కాస్త మెల్లగా నడుస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు. వైఫై దొరుకుతోందా, స్పీకర్, మైకు, కెమెరా పనిచేస్తున్నాయా, తెర వెలుతురు మీటలతో తగ్గుతోందా చూడండి. తర్వాత మూత మూసి, రెండు నిమిషాలాగి తెరవండి. చాలామంది ఈ చివరిది చూడరు, తర్వాత రోజూ బాధపడేది దీనితోనే. నిద్రపోయిన ల్యాప్‌టాప్ సరిగా లేవకపోతే వేసే ముందే తెలియడం నయం.

పాత ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటే మొదట నెట్ రాకపోవచ్చు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, మింట్ వేశాక అందులోని డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ అదే చూపిస్తుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్‌కీ ఇదే దారి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆ డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది. దాన్ని చూసి మిషన్ పాడైందని కంగారుపడతారు. పాడవలేదు, కొత్త డ్రైవర్‌ని నమ్మమంటారా అని అడుగుతోందంతే. కొన్ని సెకన్లలోపే ఏదో ఒక మీట నొక్కి, ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, ఆ పాస్‌వర్డే కొట్టాలి. ఊరుకుంటే తెర దానంతటదే పోతుంది గానీ డ్రైవర్ పనిచేయదు.

ప్రింటర్ దగ్గర కాస్త జాగ్రత్త. వైఫైతో ఫోన్ నుంచి నేరుగా ప్రింటు తీయగలిగే ఈమధ్య మోడళ్లు చాలావరకు ఏ డ్రైవరూ వేయకుండానే పనిచేస్తాయి. జిరాక్స్ షాపుల్లో తరచు కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 అలా కాదు. అది కెనాన్ సొంత భాష ‘క్యాప్ట్’లోనే మాట్లాడుతుంది. లినక్స్‌కి ఇచ్చిన డ్రైవర్ పాతది, దాన్ని కుదర్చడమే ఒక పూట పని. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే ఒక ప్లగిన్ దింపుకుంటే నడిచిపోతుంది.

పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు, ట్యాలీ మీద లెక్కలు రాసేవాళ్లు ఆ మిషన్‌లో విండోస్ తీయొద్దని గట్టిగా చెబుతాను. అవి విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములు. వైన్ అనే ప్రోగ్రాం ద్వారా లినక్స్‌లో నడిపించే ప్రయత్నం చేయొచ్చు గానీ, మనం తప్పించుకోవాలనుకున్న కుస్తీ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. యూనికోడ్ తెలుగుకి ఆ ఇబ్బంది లేదు. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లు కీబోర్డు లేఅవుట్లలో తెలుగు చేర్చుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో టైపు చేసేవాళ్లు ఐబస్, దానికి తోడు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి.

వేసుకున్నాక చెడగొట్టేది ఎక్కువగా మన చెయ్యే. ఎప్పుడో ఎవరో ఇచ్చిన కమాండ్‌ని అర్థం కాకుండానే కాపీ చేసి కొడతాం. ఒక చిన్న ప్రోగ్రాం కోసం బయటి రిపాజిటరీ చేరుస్తాం, ఏడాది తర్వాత అదే అప్‌డేట్‌కి అడ్డం పడుతుంది. మింట్‌లోని సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో దొరికేవాటితో, అందులోనే ఉండే ఫ్లాట్‌ప్యాక్‌లతో సరిపెట్టుకుంటే ఈ గొడవ రాదు. ఫ్లాట్‌ప్యాక్ తనకి కావలసిన లైబ్రరీలు తనే తెచ్చుకుంటుంది కాబట్టి మిగతా సిస్టం జోలికి పోదు.

ఇంకో రకం డిస్ట్రోలు కూడా వస్తున్నాయి. ఫెడోరా సిల్వర్‌బ్లూలో సిస్టం అంతా ఒకే ఇమేజ్‌గా ఉంటుంది. అప్‌డేట్ అంటే ఆ ఇమేజ్ మొత్తం మారుతుంది, కొత్తది నచ్చకపోతే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవచ్చు. మున్ముందు ఇళ్లకి ఇదే సరైన దారి అవుతుందని నా నమ్మకం. ఇవాళ్టికి మాత్రం డ్రైవర్లు, ప్రింటర్ ప్లగిన్‌లు చేర్చే పద్ధతి వేరుగా ఉండడంతో కొత్తవాళ్లు తికమకపడతారు.

అప్‌డేట్ నచ్చకపోతే వెనక్కి వెళ్లే పనికి మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంది. మొదటిరోజే వెల్‌కమ్ తెర నుంచి దాన్ని తెరిచి, వారానికో స్నాప్‌షాట్, అంటే సిస్టం అప్పటి స్థితికి నకలు, తీసేలా పెట్టేయండి. ఏ అప్‌డేట్ వల్లైనా తేడా వస్తే అంతకుముందు తీసిన స్నాప్‌షాట్‌కి తిప్పేయొచ్చు. డెస్క్‌టాప్ రాకపోయినా, మొదట వాడిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి అదే పని చేయొచ్చు. అందుకే ఆ పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేయకుండా దాచండి. టైమ్‌షిఫ్ట్ కాపాడేది సిస్టం ఫైళ్లనే, మీ ఫొటోలనీ డాక్యుమెంట్లనీ అది ముట్టుకోదు. వాటి కాపీ నెలకోసారైనా బయటి హార్డ్‌డిస్క్‌లోకి మీరే తీసుకోవాలి.