ఈత ముద్దు.. ఏమరపాటు వద్దు!
ఉప్పల్, నాచారం: వేసవి వచ్చిందంటే ఈ ప్రాంత తల్లిదండ్రులు పిల్లలతో ఈతకొలనుల బాట పడతారు. చంకలోని బిడ్డనూ నీటికి అలవాటు చేయాలని కొందరు ముచ్చటపడతారు. అయితే ఏడాది నిండని శిశువులకు అది ఆటవిడుపే తప్ప, మునిగిపోకుండా కాపాడుతుందనడానికి ఆధారాలు లేవని అమెరికా శిశువైద్యుల అకాడమీ చెబుతోంది. ఏడాది దాటాక శిక్షణ మొదలుపెట్టవచ్చు.

పసిబిడ్డలకు కొలనులో నీరు సుమారు 32 డిగ్రీల వెచ్చదనంతో ఉండాలి. తొలిరోజుల్లో 10 నిమిషాలు చాలు. బిడ్డ వణికితే వెంటనే బయటకు తీసి, తుడిచి, పొడిబట్టలో చుట్టాలి. గాలి ట్యూబులను నమ్మి క్షణమైనా చేయి విడవరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీటమునిగి సుమారు 3 లక్షల మంది మరణించగా, వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు చిన్నారులే. పసివారికి ఇంట్లోని నిండు బకెట్ కూడా ప్రాణాంతకమే. అందుకే ఈతకన్నా ముందు సంపుకు మూత వేయాలి, వాడని బకెట్‌ను బోర్లించాలి.