పాతకారు బేరము

ఎద్దును అమ్మువాడు దాని పండ్లను దాచలేడు. ఒంగోలు గిత్తను కొనువాడు నోరు తెరచి పండ్లు లెక్కించును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి గిట్టల తీరు గమనించును. గుంటూరు మిర్చియార్డులో కొనువాడు బస్తా అడుగునుండి మచ్చు తీసి, తాలుకాయ యెంత, తేమ యెంత అని చేతితో నలిపి చూచును. ఇన్ని పరీక్షలు తెలిసిన మన సీమలో పాత మోటారుకారు అమ్మకమునకు మాత్రము ఒక మర్యాద యేర్పడలేదు. పాత ఇనుము వ్యాపారి తూకము వేసి ధర చెప్పును. అభిమాని కన్నులు మూసికొని ధర చెప్పును. ఈ రెంటి నడుమ న్యాయమైన ధర యేది? మా తండ్రిగారు 1966లో కొనిన అంబాసిడరు మార్క్ టూ కారును ఇటీవల అమ్మదలచినప్పుడు నాకీ ప్రశ్న యెదురైనది.

నేటి విద్యార్థులలో పెక్కురు ఈ కారును సినిమాలలోనే చూచియుందురు. దీని పుట్టుక ఇంగ్లండులోనిది. మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాను హిందుస్థాన్ మోటార్సు వారు స్వీకరించి, కలకత్తా సమీపమున ఉత్తరపారాలోని తమ కర్మాగారమున 1957లో అంబాసిడరను పేర తయారుచేయ నారంభించిరి. 1959లో దీనికి 1489 ఘన సెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను అమరినది. నాడు దేశములో కారు కొనగోరువానికి అంబాసిడరు, బొంబాయి ప్రీమియర్ వారి ఫియట్టు, మద్రాసు స్టాండర్డు వారి హెరాల్డు తప్ప వేరు గతి లేదు. డబ్బు కట్టి యేండ్ల తరబడి కాచుకొనవలసి యుండెడిది. 2014 మే నెలలో ఉత్తరపారాలో ఉత్పత్తి నిలిచిపోయినది. 2017లో ఫ్రెంచి సంస్థయైన ప్యూజో ఆ పేరును 80 కోట్ల రూపాయలకు కొనినది. వట్టి పేరుకే అంత పలికినచో, పేరుతోబాటు రేకును ఇంజనునుగూడ కలిగిన మన బండికెంత పలుకవలెనని మా పిల్లలు పరిహాసమాడిరి.

ప్రత్తి, మిరప, పొగాకు వ్యాపారులకు ఈ కారు అచ్చివచ్చుటకు కారణము దాని దర్జా కాదు. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు పగులును. ఆ బండిజాడలలో ముందు టార్షను బారులు, వెనుక కమాను పట్టీలు గల ఈ భారీ వాహనము తట్టుకొని నిలిచెడిది. చిలకలూరిపేటనుండి గుంటూరికి మా తండ్రిగారు ఆరుగురు మనుష్యులను, డిక్కీలో రెండు మిరప టిక్కీలను వేసికొని పోయెడివారు. ఆ ఘాటు కొన్ని సంవత్సరములపాటు సీటులోనుండి పోలేదు.

కారును నడుపుటకంటె నిలిపియుంచుట కష్టము. ఈ మాట వినినవారు నవ్వుదురు గాని, నిలిచియున్న కారునకే శత్రువులు హెచ్చు. రేగడిపై వేసిన షెడ్డు గచ్చు పగిలి చెమ్మ పైకి వచ్చును. ప్రత్తి గోదాములకు అలవాటుపడిన యెలుకలు సీటు పీచును, విద్యుత్తు తీగెలను కొరుకును. వేసవిలో తలుపుల రబ్బరు ఎండి పెళుసుబారును. ఇప్పుడు మరియొక చిక్కు వచ్చిపడినది. 2025 నాటికి మన దేశములోని పెట్రోలులో ఇరువదిపాళ్లు ఇథనాలు కలియుచున్నది. ఆ కాలపు రబ్బరు గొట్టములు, పంపు పొరలు దానికొరకు చేసినవి కావు. అవి మెత్తబడి కారును. ఇథనాలు చెమ్మను పీల్చుకొనును గనుక, నెలల తరబడి కదలని టాంకీలో తుప్పు పట్టును. అందుచే గొట్టములన్నియు మార్పించి, పదునైదు దినములకొకసారి కారును పది మైళ్లు నడుపుట నాకు నియమమైనది.

ఇక విలువ సంగతి. క్రొత్తగా రంగు వేయించి తళతళలాడించినచో ధర పెరుగునని చాలమంది తలంపు. నిజము దీనికి సరిగా విరుద్ధము. తెలిసిన అభిమాని కర్మాగారమునుండి వచ్చిన రంగును, అది వెలిసియున్నను, కోరును. క్రొత్త రంగు క్రింద ఏమి దాగియున్నదో యని శంకించును. తుప్పు తిన్న రేకుపై పుట్టీ పట్టించి రంగు వేయుట టింకరింగు షెడ్లలో నిత్యము జరుగు పని. దీనిని కనిపెట్టుటకు ఒక చిన్న అయస్కాంతము చాలును. రేకున కది అంటుకొనును, మందముగా పుట్టీ యున్నచోట జారిపోవును. తలుపుల క్రింది అంచులు, కాలిచాపల క్రింది తట్టు, డిక్కీలో స్టెప్నీ టైరుండు పల్లము – అంబాసిడరునకు తుప్పు తొలుత పట్టు చోట్లివి. పిమ్మట ఇంజను సంఖ్య, చాసిస్ సంఖ్య రిజిస్ట్రేషను పత్రముతో సరిపోవలెను. పెట్రోలు ఖర్చునకు వెరచి డీజిలు ఇంజను పెట్టించిన అంబాసిడర్లు మన జిల్లాలలో కొల్లలు. అట్టి కారు నడచుటకు మంచిదే కావచ్చును గాని, అభిమానుల దృష్టిలో సగము విలువ కోల్పోయినట్లే.

నేను అమ్మకమునకు ముందు ఒక కాగితముపై కారు లోపములన్నియు వ్రాసి పెట్టితిని. ఎడమవైపు వెనుక తలుపు క్రింద జానెడు మేర పుట్టీ, మూడవ గేరులో చిన్న మ్రోత, గడియారము పనిచేయదు. తాలుకాయను వేరుచేసి ప్రక్క కుప్ప పోసినట్లన్నమాట. బేరమునకు వచ్చిన ప్రతివానికి మొదట ఆ కాగితమే ఇచ్చితిని.

మొదటివాడు ఇనుము వ్యాపారి. పదకొండు వందల కిలోల తూకమని లెక్కగట్టి ముప్పదియైదు వేలు అనెను. రెండవ ఆయన పెండ్లిండ్లకు వాహనములు అద్దెకిచ్చువాడు. కాగితము చదువకయే మూడు లక్షలు అనెను. "మాస్టారూ, పైకప్పు కోయించి వధూవరులను నిలబెట్టి ఊరేగిస్తే ఒక్క సీజనులోనే పెట్టుబడి వచ్చేస్తుందండీ!" అని ఉత్సాహముగా చెప్పెను. ఆయన నిజాయతీని నేను మెచ్చుకొంటిని. కప్పు కోయు సంగతి దాచియుంచిన నేనేమి యెరుగుదును? మూడవవాడు బాపట్ల ప్రాంతపు యువకుడు, కళాశాలలో అధ్యాపకుడు. జేబులో అయస్కాంతము తెచ్చుకొనెను. కాగితములోని పుట్టీ స్థలమును సరిచూచుకొని, "ఇది మీరు రాసినంతే ఉందండీ, ఎక్కువ లేదు" అనెను. ఆతడు ఇవ్వగలిగినది రెండు లక్షల నలుబది వేలు.

అరువది వేల తేడా ఉపాధ్యాయవృత్తి చేసినవానికి చిన్నది కాదు. మా ఇంటిలో రెండు దినములు చర్చ జరిగినది. అమ్మిన వస్తువుపై అమ్మినవానికి పెత్తనమేమి యని మా పెద్దవాడు వాదించెను. అది సమంజసమైన వాదమే. కాని 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములను చూచిన పిమ్మట నా మనస్సు స్థిరపడినది. మొదటి రిజిస్ట్రేషనునుండి ఏబది సంవత్సరములు దాటి, చాసిస్సు, పైడొప్ప, ఇంజను గణనీయముగా మార్పుచెందని వాహనమును ఆ నియమములు వింటేజి వాహనముగా గుర్తించును. క్రొత్త నమోదునకు రుసుము ఇరువది వేలు, గడువు పదేండ్లు. అట్టి వాహనమును వ్యాపారమునకు వాడరాదు. మా కారున కా అర్హత యున్నది. కప్పు కోసిన మరునాడు ఉండదు. ఒకసారి కోసిన రేకును ఎవరును మరల వెనుకటి రేకుగా చేయలేరు. యువకునికే ఇచ్చుటకు నిశ్చయించితిని.

పత్రముల విషయములో స్నేహము పనికిరాదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. ఒక కారు పలు చేతులు మారినది గాని రిజిస్ట్రేషను మొదటి యజమాని పేరనే యుండిపోయినది. ప్రమాదము జరుగగా నష్టపరిహారమునకు బాధ్యుడు రికార్డులో పేరున్న ఆ యజమానియే యని న్యాయస్థానము నిర్ణయించినది. రాష్ట్రములోపలి అమ్మకమైనచో అమ్మినవాడు పదునాలుగు దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము. ఇరువది తొమ్మిదవ నంబరు ఫారము, ముప్పదవ నంబరు ఫారము నింపి, సంతకములు చేసి, నకళ్లు దగ్గరనుంచుకొని, భీమా సంస్థకు కొనుగోలుదారుచే లేఖ వ్రాయించితిని. రసీదుపై తేదీతోబాటు గంట నిమిషములుగూడ వేసితిమి. నాటి సాయంకాలము దారిలో ఏది జరిగినను బాధ్యత యెవరిదో తేలవలెను గదా.

బాపట్ల సముద్రమునకు దగ్గర. ఉప్పుగాలి తగులకుండ తలుపుల అడుగు రంధ్రములను నెలకొకసారి శుభ్రపరచి నూనె పట్టింపుమని చెప్పితిని. బ్యాటరీ దిగిపోయినచో చేతితో త్రిప్పు హ్యాండిలు డిక్కీలో కుడిప్రక్క గోనెగుడ్డలో చుట్టియున్నదని చూపి, తాళముల జతలు రెండును ఇచ్చితిని.