పేరు పిలిచేలోపు

కట్టంగూర్ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. హైదరాబాద్–విజయవాడ బండ్లు రాత్రీ పగలూ ఆగవు. ప్రమాదం జరిగితే కథ ఠాణాలో ముగియదు. క్రిమినల్ కేసు ఒక దారి, నష్టపరిహారం దావా ఇంకో దారి; రెండూ చేరేది కోర్టుకే.

కోర్టు అనగానే నల్లకోటే గుర్తొస్తుంది గానీ, ముందు చెప్పుకోవాల్సింది కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ గురించి. సమన్లు అందించాలి, ఊరు మారిన సాక్షిని వెతకాలి, వాయిదా తేదీ రాసుకొని ఠాణాలో చెప్పాలి. సాక్షి రాకపోతే కేసు కదలదు మరి!

లోపల బెంచ్ క్లర్కు ఫైళ్లు అందిస్తుంటే, సాక్షి చెప్పేది స్టెనో టైపు చేస్తుంటారు. సర్కారు పక్షాన నిలబడేది అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఆ ఉద్యోగానికి లా పట్టాతోపాటు వకీలుగా అనుభవం అడుగుతారు. జూనియర్ సివిల్ జడ్జి కావాలన్నా కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తేల్చింది.

పోస్టుమార్టం చేసిన డాక్టరుకూ బోను తప్పదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యాన్ని వీడియోలో చెప్పే వీలు కల్పించింది. ఓపీ వదిలి రోజంతా వరండాలో కూర్చునే డాక్టర్లకు అది చిన్న ఊరటేం కాదు.