అమ్మ ‘ఒళ్లు చేసినావురా’ అంటే సంబరపడకండి

మా కొత్తవలసలో చలికాలమంటే ఎవరికీ దిగులుండదు. విశాఖ నుంచి వచ్చే కిరండూల్ రైలు నిండా అరకు టూరిస్టులు, ఇళ్లల్లో సంక్రాంతి హడావిడి. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబర్ 21 దగ్గర్లో వస్తుంది. ఆ రోజు కూడా మనకి 11 గంటల వెలుగు గ్యారంటీ. అదే రోజు అమెరికాలోని సియాటిల్లో పగలు ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు. దాదాపు ఎనిమిదికి తెల్లారి, సాయంత్రం 4.20కే పొద్దుగూకుతుంది. మధ్యలో ఉన్న ఆ కాస్త పగలూ చాలా రోజులు మబ్బే. లండన్లో అయితే ఎనిమిది గంటలైనా ఉండదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ పుణ్యమా అని మన బీటెక్ బ్యాచ్‌లు చేరేది ఇలాంటి ఊళ్లకే.

మా బ్యాచ్‌లో ఒకడికి అక్కడ రెండో చలికాలం. శనివారం పదకొండు గంటలు పడుకున్నా నిద్ర తీరదు. అన్నం, చిప్స్, స్వీట్లు... ఎంత తిన్నా ఇంకా కావాలి. క్రికెట్ గ్రూపులో రిప్లై ఇవ్వడం మానేశాడు. వీడియో కాల్లో వాళ్లమ్మేమో, ‘‘ఏట్రా, ఒళ్లు చేసినావు, బాగానే తింతున్నావన్నమాట’’ అని మురిసిపోయింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. డిప్రెషన్ అంటే తిండి మానేసి, నిద్ర పట్టక చిక్కిపోవడం అనే మన బుర్రల్లో ఉంది. చలికాలపు డిప్రెషన్‌లో చాలామందికి ఉల్టాగా ఉంటుంది: అతి నిద్ర, పిండిపదార్థాల మీద యావ, బరువు. ఫోన్ అవతల ఉన్నవాళ్లకి అది ఆరోగ్యంలా కనిపిస్తుంది.

దీని పేరు సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్. పొట్టిగా శాడ్. దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్లిన నార్మన్ రోసెంతాల్ అనే సైకియాట్రిస్టు, చలికాలంలో తన ఓపికే పడిపోవడం గమనించి, సహచరులతో కలిసి 1984లో దీన్ని వివరించాడు. వెచ్చటి దేశం నుంచి చీకటి దేశానికి వెళ్లినవాడే పట్టుకున్నాడన్నమాట!

పొద్దుటి వెలుగు కంటిలోంచి వెళ్లి మెదడులోని గడియారాన్ని సెట్ చేస్తుంది. వెలుగు లేటైతే గడియారం వెనకబడుతుందన్నది ముఖ్యమైన వివరణల్లో ఒకటి. అందుకే మందుగా వెలుగునే ఇస్తారు. 10,000 లక్స్ లైట్ బాక్స్ ముందు, నిద్ర లేచిన గంటలోపు, 20 నుంచి 30 నిమిషాలు కూర్చోవాలి. దానివైపే చూడక్కర్లేదు, కాఫీ తాగుతూ మెయిల్స్ చూసుకోవచ్చు. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. మామూలు గది లైటు కొన్ని వందల లక్స్ మాత్రమే, కాబట్టి ట్యూబ్‌లైట్లు ఇంకో రెండు పెట్టినా లాభం లేదు. మబ్బు పట్టినా సరే, బయట నడకే నయం. అలాగని ఆన్‌లైన్లో ఏది కనిపిస్తే అది కొనేయొద్దు. బైపోలార్ ఉన్నవాళ్లకి ఈ వెలుగు ఉన్మాదం వైపు నెట్టే ప్రమాదముంది. కంటిజబ్బులున్నా డాక్టర్ని అడగాల్సిందే.

లైటు ఒక్కటే దారి కాదు. వర్మాంట్ యూనివర్సిటీలో కెల్లీ రోహన్ బృందం లైటునీ, సీబీటీ అనే కౌన్సెలింగ్‌నీ పోల్చి చూసింది. ఆ సీజన్లో రెండూ సమానంగానే పనిచేశాయి. రెండో చలికాలానికి మాత్రం కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో తిరగబెట్టడం తక్కువ. మందులూ ఉన్నాయి. బుప్రోపియాన్ ఎక్స్‌ఎల్‌కి అమెరికాలో 2006లోనే దీని నివారణ కోసం అనుమతి వచ్చింది.

విశాఖలో ఉంటూ అమెరికా షిఫ్ట్ చేసి, మధ్యాహ్నం వరకు కర్టెన్లు వేసుకుని పడుకునే మనకీ పొద్దుటి వెలుగు అందదు. దాన్ని శాడ్ అనరు కానీ గడియారం మాత్రం అలాగే చెడుతుంది.

ప్రొడక్షన్లో బగ్ వస్తే లాగ్స్ తీస్తాం కదా, ఇక్కడా అంతే. ఏ నెలలో మొదలైంది, ఏ నెలలో తగ్గింది, పోయినేడూ ఇలాగే ఉందా అని నోట్స్‌లో రాసుకుని డాక్టర్‌కి చూపించండి. వరసగా రెండేళ్లు అదే నెలల్లో రావడం డాక్టర్లు చూసే ముఖ్యమైన గుర్తు. చచ్చిపోవాలనిపించే ఆలోచనలు వస్తుంటే మాత్రం రెండో ఏడాది దాకా ఆగొద్దు. ఇండియాలో టెలి మానస్ 14416, అమెరికాలో 988. రెండూ రాత్రీపగలూ పనిచేస్తాయి. టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.